ముందు తడి ఆరాలి... ఆ తర్వాతే మందు

వరద తీసిన ఇంట్లో పాకే బూజుకు ఏ రసాయనం కొట్టాలన్నది చివర తేల్చుకోవలసిన సంగతి. ఏది ఉంచాలి, ఏది పారేయాలి, గోడ ఎప్పటికి ఆరుతుంది అన్నవి తేలకముందే పెట్టే ఖర్చు మళ్లీ నీళ్లపాలవుతుంది.

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు విజయవాడ మీద పడింది. మళ్లింపు కాలువ గట్టుకు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, రాజరాజేశ్వరిపేట వంటి ప్రాంతాలు మునిగాయి. కొన్ని వీధుల్లో వారం దాటినా నీళ్లు తీయలేదు. అవే రోజుల్లో ఖమ్మంలో మున్నేరు పొంగి కాలనీలను ముంచింది. నీళ్లు తీశాక విజయవాడలో ఫైరింజన్లు వచ్చి ఇళ్లలో పేరుకున్న బురదను కడిగాయి, వీధుల్లో బ్లీచింగ్ పౌడర్ చల్లారు. బురద పోయి ఇల్లు మళ్లీ ఇల్లులా కనిపించింది. వరద తెచ్చే రెండో కష్టం సరిగ్గా అప్పుడే మొదలవుతుంది. నీటి గీత కింద గోడ రంగు ఉబ్బి పెచ్చులు లేస్తుంది. బీరువా వెనక, మంచం కింద, కప్‌బోర్డు మూలల్లో బూడిద రంగువి, ఆకుపచ్చవి, నల్లవి మచ్చలు పుట్టి రోజురోజుకూ పాకుతాయి. తలుపు తీయగానే ముక్కిన వాసన కొడుతుంది. అప్పుడు ఎవరైనా దుకాణానికి వెళ్లి అడిగే ప్రశ్న ఒకటే: దీనికి ఏ మందు కొట్టాలి?

అడగాల్సిన ప్రశ్నే అది, కాకపోతే నాలుగోది. దానికి ముందు మూడున్నాయి. తడి ఎక్కడిదాకా వెళ్లింది? బూజు పట్టిన వస్తువు నీటిని లోపలికి పీల్చుకునే రకమా, కాదా? దాన్ని కడిగి ఉంచుకోవచ్చా, పారేయాల్సిందేనా? ఈ మూడింటికీ జవాబు దొరికితే చాలా చోట్ల మందు అవసరమే ఉండదు. అవసరమైన చోట ఏది వాడాలో ఆ వస్తువే చెబుతుంది. జవాబు లేకుండా కొడితే ఎంత ఖరీదైన మందైనా గోడ మీద రంగు మారుస్తుంది తప్ప ఇంటిని బాగుచేయదు. బూజు పని ముందు తడి పని, తర్వాత చెత్త తీసే పని, ఆ తర్వాతే రసాయనం పని అన్నదే ఈ కథనం వాదన.

ఇందుకు కారణం బూజు స్వభావంలోనే ఉంది. దాని బీజాలు ఎక్కడి నుంచో కొత్తగా రానక్కర్లేదు. మనం పీల్చే గాలిలో, దుమ్ములో, నేల మీద అవి ఎప్పుడూ ఉంటాయి. మొలకెత్తడానికి వాటికి కావలసింది తిండి, తడి, కాస్త వెచ్చదనం. గోడ రంగులోని జిగురు, ప్లైవుడ్, అట్ట, నూలు, మట్టి, అన్నీ వాటికి తిండే. కోస్తా సెప్టెంబరులో వెచ్చదనానికి లోటు లేదు. మన చేతిలో ఉన్నది తడి ఒక్కటే. తడిసిన వస్తువును 24 నుంచి 48 గంటల్లో ఆరబెట్టగలిగితే చాలావరకు బూజు పుట్టదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతుంది. నీళ్లు రోజుల తరబడి నిలిచిపోతే ఆ గడువు దాటిపోయినట్టే. 2005లో కత్రినా తుపాను న్యూ ఆర్లీన్స్‌ను ముంచిన తర్వాత ఆ దేశపు వ్యాధి నియంత్రణ కేంద్రం 112 ఇళ్లను పరిశీలించింది. వాటిలో 51 ఇళ్లలో, అంటే 46 శాతంలో, కంటికి కనిపించే బూజు ఉంది. 17 శాతం ఇళ్లలో అది దట్టంగా పట్టింది. బీజాలను గాలిలో లేకుండా చేయడం ఏ మందు వల్లా కాదు. ఇవాళ చంపినా గోడ తడిగా ఉంటే వారంలో కొత్తవి వచ్చి అక్కడే మొలుస్తాయి.

బ్లీచింగ్ ఎక్కడ పనిచేస్తుంది?

వరద అనగానే మనకు గుర్తొచ్చేది బ్లీచింగ్ పౌడర్. అది చౌక, అందరికీ దొరుకుతుంది, వాసన చూస్తేనే ఏదో పనిచేస్తున్నట్టు అనిపిస్తుంది. నిజంగా పనిచేసే చోట్లు దానికి ఉన్నాయి. టైల్స్, గాజు, స్టీలు, గట్టి ప్లాస్టిక్ వంటి నీరు పీల్చని వాటిని సబ్బునీళ్లతో కడిగాక బ్లీచ్ నీళ్లతో తుడిస్తే మిగిలిన క్రిములు, బూజు చాలావరకు చస్తాయి. ఆ ‘కడిగాక’ అన్నదే కీలకం. క్లోరిన్‌కు మురికికీ క్రిమికీ తేడా తెలియదు. ఎదురుపడిన బురదతో, జిడ్డుతో చర్య జరిపి అక్కడే ఖర్చయిపోతుంది. బురద మీద చల్లిన పొడి ఆ బురదతోనే సరిపోతుంది. సంచి మూతి విప్పి చెమ్మలో ఉంచిన పౌడర్‌లోని క్లోరిన్ రోజురోజుకూ తగ్గిపోతుంది కూడా. నిరుడు మిగిలిన సంచితో ఈ ఏడు ఇల్లు శుద్ధి చేద్దామనుకుంటే శ్రమే మిగులుతుంది.

గోడ, చెక్క, ప్లైవుడ్, పరుపు దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. ఇవన్నీ నీరు పీల్చేవి. బూజు తన వేళ్లలాంటి పోగులను వీటి రంధ్రాల్లోకి దించుతుంది. బ్లీచ్ ద్రావణంలో అత్యధిక భాగం నీరే. పైన క్లోరిన్ చర్య జరిపి మచ్చ రంగు తెల్లబడేలోపు ఆ నీరు లోపలికి ఇంకుతుంది. కంటికి గోడ బాగుపడినట్టే ఉంటుంది, లోపలి పోగులకు మాత్రం తడి అందుతుంది. కొన్ని రోజులకు అదే ఆకారంలో మచ్చ తిరిగి రావడానికి కారణం ఇదే. బ్లీచింగ్ పౌడర్‌తో ఇంకో చిక్కు కూడా ఉంది. దాని శక్తి పోయాక మిగిలే వాటిలో కాల్షియం క్లోరైడ్ ఒకటి. అది గాలిలోని తేమను పీల్చుకునే లవణం. గోడలోకి అది ఇంకితే ఆరాల్సిన గోడ చెమ్మను వదలదు. ఇనుప బీరువాకు తుప్పు పట్టడం, పట్టుచీరల రంగు పోవడం సరేసరి.

చంపితే చాలదన్న సంగతిని కూడా మనం గట్టిగా పట్టించుకోవాలి. చచ్చిన బూజు పోగులు, బీజాలు గోడ మీదే ఉంటే ఎండి, పొడిగా రాలి, గాలిలో కలుస్తాయి. తుమ్ములు, కళ్ల మంట, ఉబ్బసం తెప్పించే పదార్థాలు చచ్చినవాటిలోనూ ఉంటాయి. అందుకే అమెరికా పర్యావరణ సంస్థ బడులు, వాణిజ్య భవనాల్లో బూజు తొలగింపునకు ఇచ్చిన మార్గదర్శకాల్లో క్రిమిసంహారకాలను మామూలు పద్ధతిగా వాడవద్దని, బూజును తీసేయడమే లక్ష్యం కావాలని చెప్పింది. ఇళ్లలోని చెమ్మ, బూజుల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శకాలూ అటే చూపుతాయి. చెమ్మ ఉన్న ఇళ్లలో ఉండేవారికి శ్వాస సమస్యలు, ఉబ్బసం ముప్పు ఎక్కువని తేల్చి, అసలు చెమ్మే లేకుండా చూడాలని అవి సూచించాయి.

‘వరద నీటిలో మురుగు కలిసి ఉంటుంది కదా, క్రిమిసంహారకం లేకుండా ఎలా?’ అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. మురుగునీరు తగిలిన నేలను, వంటగట్టును, సింకును శుద్ధి చేయాల్సిందే. అయితే అది బ్యాక్టీరియా మీద పోరాటం. గట్టి ఉపరితలాల మీద, కడిగిన తర్వాత, ఒకసారి చేసే పని. వంటింటి గట్టుకు పనిచేసింది కాబట్టి పడగ్గది గోడకూ పనిచేస్తుందనుకోవడం దగ్గరే పొరపాటు జరుగుతుంది. గట్టి ఉపరితలం మీది బూజుకైనా 3.8 లీటర్ల నీటికి 240 మిల్లీలీటర్ల ద్రవ బ్లీచ్ మించకూడదని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సూచన. చిక్కగా కలిపితే ఎక్కువ పనిచేయడం అటుంచి, మూసిన గదిలో మనిషి ఊపిరితిత్తులకే దెబ్బ. ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకోటి ఉంది. మరకలు పోవాలని బ్లీచింగ్ చల్లిన నేల మీదే బాత్రూమ్ యాసిడ్ పోస్తే ఆ రెండూ కలిసి క్లోరిన్ వాయువు పుడుతుంది. అది ప్రాణం తీయగలదు. వెనిగర్ కలిపినా క్లోరిన్ వెలువడుతుంది. అమ్మోనియా ఉన్న గాజు క్లీనర్‌తో కలిస్తే మరో విషవాయువు వస్తుంది. ఏ రెండు శుద్ధి ద్రావణాలనూ కలపకూడదు. ఒకటి వాడాక మంచినీళ్లతో కడిగేదాకా రెండోది ముట్టకూడదు.

వస్తువును బట్టి మందు

మరి దేనికి ఏది? నీరు పీల్చని వాటికి సబ్బునీళ్లు, గట్టి రుద్దుడు, పొడిగుడ్డ ఇవే ప్రధానం. ఆపై క్రిమిసంహారకం కావాలంటే ఇంట్లో నేల తుడిచే ద్రావణాలు పనికొస్తాయి. వాటిలో చాలావాటి సీసా మీద బెంజాల్కోనియం క్లోరైడ్ అన్న పేరు కనిపిస్తుంది. దీనికి బ్లీచ్ అంత ఘాటు ఉండదు. అయితే సబ్బు, డిటర్జెంట్ మిగిలి ఉంటే దాని బలం దెబ్బతింటుంది. కాబట్టి సబ్బుతో కడగాలి, మంచినీళ్లతో సబ్బంతా పోగొట్టాలి, ఆ తర్వాత దీన్ని పూయాలి. పూసిన వెంటనే తుడిచేస్తే ఫలితం ఉండదు. లేబుల్ మీద రాసినంత సేపు ఉపరితలం తడిగా ఉండాలి. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా మంచి ఎంపికే. నీరుగా, ఆక్సిజన్‌గా విడిపోతుంది కనుక ఏ లవణాన్నీ వదలదు. రంగులు వెలిసేలా చేస్తుంది కాబట్టి మూలన ఒక చోట ముందు పరీక్షించుకోవాలి.

టేకు, వేప వంటి ముడి కలపతో చేసిన తలుపులు, మంచాలు, దూలాలు చాలావరకు దక్కుతాయి. పైన పట్టిన బూజును తడిగుడ్డతో తీసి, నీడలో గాలి తగిలేలా ఆరబెట్టి, అవసరమైతే సాండ్‌పేపర్ పట్టాలి. మందుకు నిజంగా చోటున్నది ఇక్కడే, అదీ బోరేట్ రకానికి. డైసోడియం ఆక్టాబోరేట్ టెట్రాహైడ్రేట్ ద్రావణం కలప లోపలికి ఇంకి బూజునూ, కుళ్లు తెచ్చే శిలీంధ్రాన్నీ, చెదలనూ అడ్డుకుంటుంది. ఆరిన తర్వాత కూడా కలపలోనే ఉండి కాపలా కాస్తుంది. క్యారమ్స్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడర్ కూడా ఈ కుటుంబానిదే. తెలిసిన వస్తువే కదా అని చిన్నచూపు చూడకూడదు. కడుపులోకి పోతే హానికరం కాబట్టి పిల్లలకు అందకుండా, తిండి పెట్టుకునే చోట్ల తగలకుండా వాడాలి. గర్భిణులు ఈ పనికి దూరంగా ఉండాలి.

ప్లైవుడ్, ఎండీఎఫ్, పార్టికల్ బోర్డుతో చేసిన కప్‌బోర్డులు మాత్రం వేరే కథ. రోజుల తరబడి నానిన బోర్డు అంచు దగ్గర వేలితో నొక్కితే మెత్తగా దిగుతుంది, పొరలు విచ్చుకుంటాయి. జిగురు వీడిన పొరల మధ్య బూజు స్థిరపడిందంటే పైన ఏం పూసినా లోపలికి చేరదు. పీఓపీ, జిప్సం సీలింగులు, కొబ్బరి పీచు పరుపులు, దూది పరుపులు, దిండ్లు, ఫోమ్ సోఫాలు మురుగునీటిలో నానితే వాటిని కాపాడే మందు లేదు. గుడ్డలు వేరు. వేడినీళ్లలో డిటర్జెంట్‌తో ఉతికి గట్టి ఎండలో ఆరేస్తే చాలావరకు బాగుపడతాయి. కాగితాలదీ ప్రత్యేకమైన సంగతి. 1966 నవంబరు 4న ఆర్నో నది పొంగి ఇటలీలోని ఫ్లోరెన్స్ జాతీయ గ్రంథాలయాన్ని ముంచినప్పుడు లక్షల కొద్దీ పుస్తకాలు తడిశాయి. వాటిలో చాలావాటిని పొగాకు ఆరబెట్టే బ్యారన్లలోకి తరలించి ఆరబెట్టారు. బూజుకు అప్పట్లో థైమాల్ వాడారు. ఆరోగ్యానికి మంచిది కాదని తర్వాతి కాలంలో సంరక్షకులు దాన్ని పక్కనపెట్టారు. మందు మారింది కానీ వెంటనే ఆరబెట్టాలన్న పాఠం మారలేదు. తడిసిన పట్టాదారు పాసుపుస్తకాన్ని, సర్టిఫికెట్లను వెంటనే ఆరబెట్టలేకపోతే ప్లాస్టిక్ కవరులో పెట్టి ఫ్రిజ్‌లోని డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే బూజు పెరుగుదల ఆగుతుంది. కొంత వ్యవధి దొరుకుతుంది.

గోడకు సంక్రాంతి దాకా గడువు

ఇంట్లో అన్నిటికన్నా ఆలస్యంగా ఆరేది గోడ. ఇటుక, సిమెంటు పూత, పుట్టీ, పైన ఎమల్షన్ పెయింట్ ఇదీ మన గోడల వరుస. లోపల నిండిన నీరు బయటికి రావాలంటే పెయింట్ పొర అడ్డు. అందుకే బూజు పట్టినంత మేరా, ఆపై ఒక అడుగు దాకా, పెయింటునూ ఉబ్బిన పుట్టీనీ గీకేయాలి. పొడి రేగకుండా నీళ్లు చిలకరించి గీకాలి. ఎన్95 మాస్కు, చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకోవాలి. ముక్కుకు కట్టిన తువ్వాలు బీజాలను ఆపదు. కనిపించే బూజును తీయకముందు దాని మీదికి ఫ్యాను తిప్పితే ఇల్లంతా విత్తనాలు చల్లినట్టే. గోడ మీది తెల్లటి పొడి అంతా బూజు కాదు. దాని మీద నీటి చుక్క వేస్తే కరిగిపోయేది ఇటుకలోంచి తేలిన ఉప్పు. దానికి పొడి బ్రష్షు చాలు, మందు అక్కర్లేదు.

గోడ ఆరిందో లేదో చేత్తో తాకితే తెలియదు. అడుగున్నర పొడవూ వెడల్పూ ఉన్న ప్లాస్టిక్ షీటును నాలుగు అంచులా టేపుతో గాలి చొరకుండా గోడకు అతికించి ఒక రోజు ఉంచాలి. షీటు లోపలి వైపు నీటి బిందువులు కనిపించినా, దాని కింద గోడ రంగు ముదిరినా లోపల తడి ఇంకా ఉన్నట్టే. ఆ తడి పోయేదాకా పుట్టీ గానీ, వాటర్‌ప్రూఫ్ పూత గానీ, ‘యాంటీ ఫంగల్’ పెయింటు గానీ వేయకూడదు. ఆ పెయింట్లలోని మందు పెయింటు పొరకే కాపలా. వెనక నుంచి వచ్చే నీటిని అది ఆపలేదు. నాలుగు వారాలకు మళ్లీ ఉబ్బుతుంది.

‘మన వాతావరణంలో గోడ ఆరేదెప్పుడు?’ అన్నది బలమైన అభ్యంతరం. సెప్టెంబరు ఉక్కపోతలో, ఆ వెంటే వచ్చే అక్టోబరు, నవంబరు వానల్లో, తుపాన్లలో కోస్తా గోడ త్వరగా ఆరదు. నిజమే. ఆ నిజం చెప్పేది కూడా తొందరపడి మూసేయవద్దనే. గీకిన గోడను బోసిగానే వదిలేయాలి. ఎండ కాసే పూట కిటికీలు తెరిచి, వానపూట మూసి, ఫ్యాన్లు నడపాలి. ఏసీ ఉన్నవారు దాన్ని శుభ్రం చేయించి వాడితే గదిలో తేమ తగ్గుతుంది. సామాను గోడకు జానెడు దూరం జరపాలి. డిసెంబరు, జనవరి వచ్చేసరికి గాలి పొడిబారుతుంది. సంక్రాంతికి ఇల్లు సున్నం వేయించే మన అలవాటు సరిగ్గా ఈ పొడి రోజుల్లోనే పడుతుంది. ఆ సున్నం కూడా మంచి మందే. తడి సున్నం క్షారగుణం పీహెచ్ 12 దాటుతుంది, అంతటి క్షారంలో మామూలు బూజులు బతకవు. గాలి తగిలేకొద్దీ అది సుద్దగా మారి ఆ గుణం తగ్గుతుంది. కానీ తేమను లోపల బంధించకుండా బయటికి పోనిస్తుంది. ఎమల్షన్ మీద నిలవదు కాబట్టి గీకిన గోడకే వేయాలి. కంట్లో పడితే చూపుకే ముప్పు కనుక కళ్లద్దాలు తప్పనిసరి. మునిగిన ఇంటి కింది నాలుగడుగులకు, గోడ ఆరాక, ఖరీదైన రసాయన పూత కన్నా రెండు పూతల సున్నం మేలు.

పొగతో పోయేది కాదు

వరద తర్వాత కాలనీల్లోకి ఫాగింగ్ యంత్రాలతో, ఓజోన్ యంత్రాలతో వచ్చే సంస్థలుంటాయి. గంటలో ఇల్లంతా బూజు లేకుండా చేస్తామనే మాట వినడానికి హాయిగా ఉంటుంది. పొగమంచులా చల్లిన మందు కప్‌బోర్డు వెనక్కీ, ప్లైవుడ్ పొరల్లోకీ, పుట్టీ కిందికీ చేరదు. మనుషులు భరించగలిగే మోతాదులో ఓజోన్ బూజును తీయలేదు. బూజును చంపే మోతాదైతే ఊపిరితిత్తులకు చేటు. ఫార్మాల్డిహైడ్ పొగ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వర్గీకరించింది. ఇంట్లోకి దాన్ని రానివ్వకూడదు. సాంబ్రాణి పొగ, వేపాకు పొగ వాసనను కప్పుతాయి కానీ తడిని తీయవు, ఉబ్బసం ఉన్నవారికి ఇబ్బంది పెంచుతాయి. ఎవరికైనా డబ్బిచ్చే ముందు నాలుగు సంగతులు అడగాలి. మందులోని అసలు రసాయనం ఏమిటి? అది ఏ ఉపరితలానికి ఉద్దేశించినది? చల్లే ముందు బూజును భౌతికంగా తీస్తారా? పని అయ్యాక గోడలో తేమ ఎంతుందో మీటరుతో కొలిచి చూపిస్తారా? చివరి రెండింటికీ ‘అవును’ అనని చోట డబ్బు పెట్టకపోవడమే మంచిది.

నల్ల మచ్చ చూడగానే 2021 నాటి బ్లాక్ ఫంగస్ గుర్తొచ్చి భయపడేవారున్నారు. ఆ జబ్బు తెచ్చిన శిలీంధ్రాలు వేరు. గోడ మీది రంగును బట్టి అది ఏ రకమో, ఎంత ప్రమాదమో చెప్పలేం. ఏ రంగుదైనా తీసేయాల్సిందే. అయితే కీమోథెరపీ తీసుకుంటున్నవారు, అవయవ మార్పిడి చేయించుకున్నవారు, షుగర్ అదుపులో లేనివారు, ఉబ్బసం ఉన్నవారు ఈ శుభ్రతలో పాల్గొనకూడదు, వీలైతే ఆ ఇంట్లోనే ఉండకూడదు. బూజు పట్టిన చోటు 10 చదరపు అడుగుల లోపుంటే ఆరోగ్యవంతులు జాగ్రత్తలతో సొంతంగా శుభ్రం చేసుకోవచ్చన్నది అమెరికా పర్యావరణ సంస్థ కొలమానం. అంతకు మించితే తెలిసినవారి సాయం కావాలి.

పారేయమనడం తేలిక, కొనేదెవరు?

ఈ వాదనకు ఎదురయ్యే అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఇది. సింగ్‌నగర్‌లో అద్దె గదిలో ఉండే కుటుంబానికి పరుపంటే నెల జీతంలో పెద్ద ముక్క. ఇరవై రూపాయల బ్లీచింగ్‌తో పోతుందంటే ఎవరైనా ఆశపడతారు. ఆ ఆశను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కాకపోతే లెక్క పూర్తిగా వేయాలి. నానిన పరుపు మీద పడుకునే పిల్లాడి దగ్గుకు పెట్టే ఖర్చు, మూడుసార్లు కొట్టించిన మందు ఖర్చు, తడి గోడ మీద వేయించిన రంగు ఖర్చు కలిపితే పరుపు ధర దాటుతుంది. అందుకే ఈ భారాన్ని ఒక్క ఇంటి మీదే వదిలేయకూడదు. బుడమేరు వరదలో కింది అంతస్తు మునిగిన ఇంటికి ప్రభుత్వం 25 వేల రూపాయలు, పై అంతస్తులవారికి 10 వేలు ఇచ్చింది. ఆ డబ్బు చేతికి అందే నాటికి ఏది ముందు కొనాలో, ఏది ఆగాలో చెప్పే మనిషి కూడా గుమ్మంలో ఉండాలి. పరుపులు, దిండ్లు ముందు, రంగు సంక్రాంతికి. అద్దె ఇళ్లలో గోడ గీకించి ఆరబెట్టే బాధ్యత యజమానిది. ఆ తడి గోడల మధ్య ఉండక తప్పని నెలలకు అద్దె తగ్గించడం కనీస న్యాయం.

వరద సాయం అంటే ఆహార పొట్లాలు, మంచినీళ్లు, బ్లీచింగ్ అని మనం స్థిరపరచుకున్నాం. మొదటి రెండూ ప్రాణం నిలబెడతాయి. మూడోదాని పక్కన ఇంకొన్ని చేరాలి. ప్రతి వార్డు సచివాలయంలో అద్దె లేకుండా అరువిచ్చే పెద్ద ఫ్యాన్లు, నీళ్లు తోడే మోటార్లు, రెండు తేమ మీటర్లు ఉండాలి. ఇంటికి నాలుగు ఎన్95 మాస్కులు, చేతి తొడుగులు ఇవ్వాలి. నానిన పరుపులను, బోర్డులను వీధి మొగలో గుట్టలుగా వదలకుండా రెండు రోజుల్లో ఎత్తుకెళ్లే బండ్లు తిరగాలి. బ్లీచింగ్ ప్యాకెట్ మీద ‘కడిగిన నేలకే, యాసిడ్‌తో కలపవద్దు’ అని పెద్ద తెలుగు అక్షరాల్లో రాసి ఉండాలి. వీటిలో ఏదీ కొత్త పరిజ్ఞానం కాదు, పెద్ద ఖర్చూ కాదు. వరద తీసిన తొలి 48 గంటల్లో ఇవి గుమ్మం దాకా చేరితే నెలల తరబడి మందు కోసం తిరిగే అవసరం చాలా ఇళ్లకు తప్పుతుంది. వచ్చే వానాకాలానికి ముందే వీటిని సిద్ధం చేయమని మన కార్పొరేటర్లను, అధికారులను అడగాల్సింది ఇప్పుడే.